నేర్పువాని పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



విద్య తెలియుట యొకటి, తెలుపుట వేరొకటి. ఈత వచ్చినవాడెల్ల ఈత నేర్పలేడు. నాగలి పట్టినవాడెల్ల కుఱ్ఱవానిచేత చాలు తీయింపలేడు. ఈ భేదమును పరీక్ష పెట్టి తేల్చు వృత్తులు లోకమున కొన్ని గలవు. విమానము నడుపుట నేర్పు శిక్షకుని వృత్తి వానిలో నొకటి. ఆ పరీక్ష యెందులకు పుట్టినది, ఎట్లు జరుగును అనునదే నేటి ప్రసంగ విషయము.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు వైమానిక దళములోని శిక్షకులకు బోధనయందు ప్రత్యేకమైన తర్ఫీదు లేకుండెను. యుద్ధరంగమున అలసియో, గాయపడియో తిరిగివచ్చిన వైమానికులను పెక్కుమందిని ఆ పనిలో నియమించుచుండిరి. వారు నడుపుటలో నేర్పరులే. నేర్పుట వేరు సంగతి. ప్రమాదకరమైన స్థితుల జోలికి పోవలదని హెచ్చరించుటయే చాలమంది బోధ. అట్టి స్థితి తనంత తాను వచ్చిపడినప్పుడు శిష్యునకు దిక్కు తోచకుండెను. శత్రువు ముఖము చూడకమునుపే ఎందఱో యువకులు శిక్షణలోనే నేలకూలిరి.

1916లో ఫ్రాన్సునందు 60వ స్క్వాడ్రనుకు నాయకుడుగానున్న రాబర్ట్ స్మిత్-బారీ, అరకొర శిక్షణతో వచ్చిచేరు కుఱ్ఱవారిని చూచి కలతచెంది పై అధికారులకు గట్టిగా వ్రాసెను. ఆ యేడాది చివర ఇంగ్లండులోని గాస్‌పోర్ట్‌లో నొక శిక్షణదళమును ఆయనకే అప్పగించిరి. ఆయన శిష్యుని మొదటినుండియు చోదకుని స్థానమునందే కూర్చుండబెట్టించెను. ఇరువురి చేతులకును నడుపు సాధనములందు ఆవ్రో 504 విమానములను వాడించెను. ఇంజను హోరులో శిక్షకుని మాట శిష్యుని చెవి కందుటకు రబ్బరు గొట్టము నమర్చిరి. దానికి గాస్‌పోర్ట్ గొట్టమనియే పేరు నిలిచెను. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి: చాలినంత ఎత్తున ప్రమాదస్థితిలోనికి కావలెననియే ప్రవేశించి, అందుండి బయటపడుట నేర్పించెను. 1917లో అచట శిక్షకులకు శిక్షణ నిచ్చు పాఠశాల వెలసెను. గురువునకును గురువు కావలెననుట అచట రుజువైనది.

నేడు శిక్షకుల పరీక్ష అనేక దేశములలో గలదు. అమెరికాలోని పద్ధతి గమనింపదగినది. శిక్షకుడు కాగోరువాడు అప్పటికే జీతమునకు విమానము నడుపు అర్హతయు, మబ్బులలో పరికరములను మాత్రమే చూచి నడుపు అర్హతయు పొందియుండవలెను. వ్రాతపరీక్షలు 2. ఒకటి బోధనసూత్రములను గూర్చినది. రెండవది విమానవిద్యను గూర్చినది. 7వ తరగతికిగాని, అంతకు పై తరగతులకుగాని పాఠము చెప్పుటకు అర్హతపత్రము గల బడి ఉపాధ్యాయులకు మొదటి పరీక్ష అక్కరలేదు. బోధన యెచ్చట నేర్చినను బోధనయే యని దీని భావము.

పిమ్మట ఆచరణ పరీక్ష. మొదటి భాగము నేలమీదనే జరుగును. పరీక్షాధికారి శిష్యుడై కూర్చుండును. అభ్యర్థి నల్లబల్లయొద్ద నిలిచి పాఠము చెప్పవలెను. విమానము మలుపు తిరుగుట చుక్కాని వలననే యని పలువురు తలంతురు. రెక్కలు ఒక ప్రక్కకు వాలినప్పుడు, విమానమును పైకెత్తు బలములో కొంత ఆ ప్రక్కకు లాగును, మలుపునకు కారణమదియే. ఇది అభ్యర్థికి తెలిసిన చాలదు. సైకిలు తొక్కువాడు మలుపున ప్రక్కకు వాలునట్లు అని చెప్పియో, బొమ్మ గీసియో, ఎదుటివాని మనస్సున నాటించవలెను. మొదట నేర్చినది గట్టిగా నాటుకొనును గనుక, మొదటి పాఠము తప్పయినచో దానిని పెఱికివేయుట కష్టము.

రెండవ భాగము ఆకాశమున జరుగును. అంతవఱకు ఎడమ పీఠమున కూర్చుండి నడిపినవాడు ఇప్పుడు కుడి పీఠమున కూర్చుండవలెను. ఎడమచేతి పని కుడిచేతికి, కుడిచేతి పని ఎడమచేతికి మారును. ఎదుటి పరికరములు ఓరగా కనబడును. వలపటి ఎద్దును దాపట కట్టిన మొదటినాడు అరక తడబడునట్లే ఈ తడబాటును. అంతియేగాక, చేయుచున్నదానిని చేయుచునే వివరించవలెను.

ఇక అసలు పరీక్ష. శిష్యుడు చేయు తప్పులలో ప్రాణాంతకమైన దొకటి గలదు. దిగుటకై మలుపు తిరుగుచు, దారి తప్పుచున్నానన్న తొందరలో శిష్యుడు చుక్కానిని అతిగా త్రొక్కి, కఱ్ఱను వెనుకకు లాగును. రెక్కకు గాలి ఆధారము తప్పును. విమానము గిరికీలు తిరుగుచు రాలును. అప్పుడు ఇంజను వేగము తగ్గించి, తిరుగుచున్న దిశకు ఎదురుగా చుక్కాని త్రొక్కి, కఱ్ఱను ముందుకు నెట్టవలెను. నేల పైకి వచ్చుచున్నట్లుండగా ముక్కును ఇంకను క్రిందికి వంచుట మనుష్యస్వభావమునకు విరుద్ధము. అందువలననే అది నేర్పవలసియున్నది. నేల దగ్గఱగా జరిగినచో తేరుకొనుటకు వ్యవధి యుండదు. ఈ గిరికీలనుండి బయటపడు శిక్షణ పొందినట్లు ధ్రువపత్రము లేనివానికి శిక్షక పదవి లేదు.

పరీక్షాధికారి శిష్యునివలె తప్పులు నటించును. అభ్యర్థి ఆ తప్పును కనిపెట్టి, కారణము చెప్పి, దిద్దవలెను. సాధనములను వేగిరపడి లాగుకొన్నచో శిష్యుడు నేర్చున దేమియు లేదు. ఆలస్యము చేసినచో ఇరువురికిని ముప్పు. విమానము ఎవరి చేతిలో నున్నదను సందేహము క్షణమైనను ఉండరాదు. కావున అప్పగించువాడు చెప్పుట, పుచ్చుకొనువాడు బదులు పలుకుట, అప్పగించినవాడు మఱల ధ్రువపఱచుట అను 3 మెట్ల నియమము పాటింతురు.

ఈ వివేకమునకు చరిత్రలో నొక నిదర్శనము గలదు. 1919లో నాష్‌విల్లు నగరమున జన్మించిన కార్నీలియా ఫోర్ట్ అను యువతి హవాయి దీవులలో శిక్షకురాలుగా నుండెను. 1941 డిసెంబరు 7వ తేదీ ఉదయమున హొనొలూలు వద్ద ఒక శిష్యునిచేత దిగుట అభ్యసింపజేయుచుండగా, ఒక సైనిక విమానము సూటిగా తమమీదికి వచ్చుట చూచెను. వెంటనే సాధనములను శిష్యుని చేతినుండి లాగుకొని విమానమును పైకెత్తెను. క్రిందుగా దూసికొనిపోయిన విమానపు రెక్కలపై జపాను ఎఱ్ఱని సూర్యబింబములు కనబడెను. పెరల్ హార్బరుపై దాడి అప్పుడే మొదలైయుండెను. ఆమె శిష్యుని క్షేమముగా నేలకు దింపెను. తరువాత సైన్యపు విమానములను చేరవేయు స్త్రీల దళములో చేరి, 1943 మార్చిలో టెక్సాసునందు రెండు విమానములు తాకుటచే 24వ యేట మరణించెను.

పరీక్షలో తప్పినవానికి ద్వారము మూయబడదు. కొఱవడిన అంశములలో మఱల శిక్షణ పొంది, 60 దినములలో వచ్చినచో నెగ్గిన భాగములను తిరిగి చేయనక్కరలేదు. నెగ్గినవానికి మాత్రము పెద్దబరువే మీదపడును. శిష్యుని మొదటిసారి ఒంటరిగా పంపుటకు వ్రాతమూలముగా అనుమతి నిచ్చి, నేలమీద నిలిచి పైకి చూచువాడు అతడే.

భారతదేశమున వైమానికదళపు శిక్షకుల పాఠశాల 1948లో అంబాలాలో నెలకొని, 1954లో మద్రాసు చెంతనున్న తాంబరమునకు మారెను. తెలుగునాట హైదరాబాదు చేరువ దుండిగల్లులో 1971నుండి పనిచేయుచున్న వైమానిక విద్యాలయమున యువకులకును, ఇప్పుడు యువతులకును ఆకాశవిద్య నేర్పువారు అట్టి తర్ఫీదు పొందినవారే.

పుస్తకమునుండి తెలిసికొన్నవాడు విద్యావంతుడగును. తెలిసికొన్నదానిని ప్రక్కవానికి అందజేసి, వాని తప్పును ఓర్మితో చూచి, సమయమెఱిగి చేయందించినవాడు గురువగును. ఈ గ్రంథాలయమున రాత్రివేళ దీపము చెంత తోటివారికి వార్తాపత్రిక చదివి వినిపించిన ప్రతివాడును ఈ పరీక్షకు ఒకవిధముగా కూర్చున్నవాడే. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ అట్టివారిని ఇంకను పెక్కుమందిని తయారుచేయుగాక!