రొయ్య రక్తకణాలు: నెల్లూరు తీర మత్స్యశాస్త్ర పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం



1994–95లో కండలేరు ఉప్పుటేరు వెంబడి టైగర్ రొయ్య చెరువులను తెల్లమచ్చ వైరస్ ఊడ్చిపెట్టినప్పుడు, అప్పుడప్పుడే ఉద్యోగాల్లో చేరిన ఈనాటి వక్త తరం రైతుకు చెప్పగలిగింది చెరువు ఎండగట్టమనీ, సున్నం చల్లమనీ మాత్రమే. వైరస్ సజీవ కణంలో తప్ప పెరగదు; దానిని సీసాలో పెంచి పరీక్షించేందుకు కావలసిన రొయ్య కణవంశం, అంటే తరతరాలుగా విభజన చెందుతూ నిలిచే కణసమూహం, ఆనాడు లేదు, నేటికీ నమ్మకంగా చేతికి రాలేదు. చేపలకు ఆ సౌకర్యం 1962లో రెయిన్‌బో ట్రౌట్ కణాలతోనే మొదలైంది. తరువాత అదే చేప ప్లీహం నుంచి సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాల వంశం కూడా వచ్చింది.

రొయ్యకు యాంటీబాడీలు లేవు. దాని రక్షణ భారం ప్రధానంగా హీమోసైట్లు అనే రక్తకణాలదే. శత్రువును మింగడం, రక్తాన్ని గడ్డకట్టించడం, నల్లని మెలనిన్‌తో చుట్టివేయడం వాటి పనులు కాగా, ఒంట్లో ప్రాణం నిలిపే ఆ గుణాలే సీసాలో చేటు తెస్తాయి: తీసిన నిమిషాల్లోనే రక్తం గడ్డకడుతుంది, ద్రావణం నల్లబడుతుంది. అందుకే గడ్డకట్టనివ్వని ద్రావణంలోకి రక్తాన్ని తీసి, రొయ్య రక్తపు ఉప్పదనానికి సరిపోయే పోషక ద్రవంలో ఉంచుతారు; అయినా ఆ కణాలు కొన్నాళ్లు బతుకుతాయే గాని విభజన చెందవు.

ఈ వక్తను నిజంగా కలవరపెట్టేది మరొకటి. సీసాలో ఏదో జోరుగా పెరుగుతున్నదని సంబరపడిన పరిశోధకులకు, అది రొయ్య కణం కాదు, థ్రాస్టోకైట్రిడ్ అనే సముద్రపు సూక్ష్మజీవి అని తరువాత తేలిన సందర్భాలున్నాయి. అయినా జన్యుపరీక్షతో కణం గుర్తింపు తేల్చుకోకుండానే నివేదిక రాసే తొందర, చేతుల అశుభ్రతను యాంటీబయాటిక్‌తో కప్పిపుచ్చే బద్ధకం నేడు పట్టాలు అందుకున్న ఈ బిడ్డల్లో కనిపిస్తున్నాయి. ఇంత చదువు చదివి, వైరస్ సోకిన చెరువులో యాంటీబయాటిక్ పోసే రైతును తప్పుపట్టే నోరు వీరికి ఎక్కడిది? సీసా మీద తేదీ, రొయ్య ఏ హేచరీదో రాయడానికి కూడా బద్ధకమేనా?

కొన్నాళ్లే బతికే కణాలతోనూ చేయదగిన పని ఉంది. రోగనిరోధక శక్తి పెంచుతుందంటూ రైతుకు అమ్మే బీటా గ్లూకాన్ పొడిని, అంటే ఈస్ట్ కణాల గోడల నుంచి తీసే పదార్థాన్ని, హీమోసైట్లకు తగిలించి, అవి సూక్ష్మజీవులను మునుపటికంటే ఎక్కువగా మింగుతున్నాయో లేదో లెక్కించవచ్చు. ఆ లెక్క చేతికొచ్చాకే సంచి కొనాలో వద్దో రైతుకు చెప్పాలి.