జ్వరమొస్తే ఒళ్లు చూసుకోండి



ఈ రోజు మాట్లాడుకునేది ఒక జ్వరం గురించి. దాని పేరు స్క్రబ్ టైఫస్. పేరు పలకడం కొంచెం కష్టమే. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. స్క్రబ్. టైఫస్. ఈ పేరు చదవడం వస్తే ఆస్పత్రి కాగితం మీద దాన్ని గుర్తు పట్టొచ్చు.

మదనపల్లె వాళ్లకు జబ్బుల సంగతి కొత్త కాదు. ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడ వందేళ్లకు ముందే క్షయ ఆస్పత్రి కట్టారు. ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవాళ్లు. మన దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలయ్యాయి. అవి మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 2006లో చికున్‌గున్యా వచ్చింది. కీళ్లు పట్టేసి ఇంటింటికీ మంచం వేసింది. 2020లో కరోనా వచ్చింది. ఈ పేర్లు ఇప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు.

స్క్రబ్ టైఫస్ పేరు మాత్రం చాలామంది చెవిన పడింది 2025 చివర్లోనే. ఆ చలికాలంలో రాష్ట్రంలో చాలాచోట్ల ఈ జ్వరం బయటపడింది. ఎక్కువ కేసులు కనిపించింది చిత్తూరు జిల్లాలో. అట్లని ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. జపాన్ దేశం వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సిపాయిలు ఈ జ్వరంతో పడిపోయారు. మన పల్లెల్లో కూడా వచ్చి పోతూనే ఉండింది. పేరు తెలియక అందరూ దాన్ని "విష జ్వరం" అన్నారు.

ఇది ఎట్లా వస్తుంది?

స్క్రబ్ అంటే పొదలు. పొదల్లో, గడ్డిలో, చేని గట్ల మీద నల్లి జాతి పురుగు ఒకటి ఉంటుంది. మంచంలో ఉండే నల్లి కాదు. మిరప చెట్టుకు పట్టే నల్లి ఉంటుంది కదా, ఆ జాతి. దాని పిల్ల పురుగు మనుషుల్ని కుడుతుంది. అది కంటికి ఆనదు. ఆవగింజ దాని ముందు పెద్దది. కుట్టినట్టు కూడా తెలీదు. చీమ కుడితే "అబ్బా" అంటాం. ఇది కుడితే ఏమీ అనం. ఆ పురుగులో ఉన్న క్రిమి మన ఒంట్లోకి పోతుంది. పది రోజులు అటూ ఇటూగా జ్వరం మొదలవుతుంది. వానలు పడి గడ్డి ఏపుగా పెరిగిన కాలంలో, ఆ వెనక వచ్చే చలికాలంలో ఇది ఎక్కువ.

ఇక గడ్డిలో ఎక్కువ ఉండేది ఎవరు? పుంగనూరు వైపు పొట్టి ఆవులకు గడ్డి కోసేది ఆడవాళ్లు. కుప్పం వైపు పట్టు పురుగులకు మల్బరీ ఆకు కోసేది ఆడవాళ్లు. మదనపల్లె టమోటా తోటల్లో కలుపు తీసేది ఆడవాళ్లు. కట్టెలకు గుట్ట ఎక్కేదీ వాళ్లే. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుంటారు. గట్టు మీద కూర్చుని సంగటి తింటారు. అలిసిపోతే అక్కడే కొంగు పరుచుకుని నడుం వాలుస్తారు. పురుగుకు ఇంకేం కావాలి?

ఒక సంగతి అనుకుందాం. పుంగనూరు దగ్గర ఒక పల్లె. ఒకామెకు జ్వరం వచ్చింది. తల పగిలిపోతోంది. ఒళ్లంతా నొప్పులు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎండ దెబ్బ తగిలుంటుంది. పడుకోమ్మా" అంది అత్త.

రెండు రోజులు పడుకుంది. తగ్గలేదు. ఊళ్లో సూది వేసే ఆయన దగ్గరికి పోయింది. ఆయన రెండు సూదులు వేశాడు. "టైఫాయిడ్ మాదిరి ఉంది" అన్నాడు. ఇంకో మూడు రోజులు గడిచాయి. జ్వరం అట్లనే ఉంది. ఇప్పుడు దగ్గు వచ్చింది. ఆయాసం వచ్చింది. ఆస్పత్రికి పోయేసరికి వారం దాటింది.

డాక్టరు అడిగాడు: "ఏమ్మా, ఒంటి మీద ఎక్కడన్నా నల్ల మచ్చ ఉందా?"

ఆమె తల వంచుకుంది. "లేదు సార్" అంది.

మచ్చ ఉంది. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలింది. కానీ అది రొమ్ము కింద ఉంది. పక్కన మగ మనిషి నిలబడి ఉన్నాడు. అడిగేది మగ డాక్టరు. ఎట్లా చెప్తుంది?

ఇది అనుకున్న కథే. అయినా ఇట్లాంటి ఆమె ఏ పల్లెలో లేదు? తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. పక్కకు పిలిచి, నర్సమ్మను తోడు పెట్టి అడగాల్సిన పని ఆస్పత్రిది.

ఆ మచ్చ గురించి బాగా తెలుసుకోవాలి. పురుగు కుట్టిన చోట పుండు పడుతుంది. పైన నల్లటి పక్కు కడుతుంది. చుట్టూ ఎర్రగా ఉంటుంది. బీడీతో కాల్చినట్టు కనిపిస్తుంది. నొప్పి ఉండదు. దురద ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. పురుగు బట్ట బిగుతుగా ఉన్న చోటు, చెమట పట్టే చోటు వెతుక్కుంటుంది. చంక, గజ్జలు, రొమ్ముల కింద, చీర బిగించిన నడుము, మోకాలి వెనక, తలలో వెంట్రుకల మాటున. అంటే ఆడవాళ్లు ఎవరికీ చూపించని చోట్లే ఎక్కువ.

అందుకే జ్వరం వచ్చిన నాడే ఒళ్లు చూసుకోవాలి. తలుపు వేసుకుని, దీపం వెలుగులో చూసుకోవాలి. వీపు మనకు కనపడదు. అక్కనో, కూతురినో చూడమనాలి. పిల్లలకు జ్వరం వస్తే బట్టలు విప్పి తల నుంచి కాలి దాకా చూడాలి. చెవి వెనక కూడా చూడాలి. గజ్జల్లో, చంకలో బిళ్లలు కట్టాయేమో తడిమి చూడాలి.

మచ్చ కనిపించకపోతే ఈ జ్వరం కాదనుకోవచ్చా? అనుకోకూడదు. కొందరికి మచ్చ అసలు పడదు. జ్వరం మూడు రోజులు దాటితే మచ్చ ఉన్నా లేకున్నా ఆస్పత్రికి పోవాల్సిందే. రక్త పరీక్షలో తెలుస్తుంది.

ఇంకో మాట. టైఫస్ వేరు, టైఫాయిడ్ వేరు. పేర్లు అక్కాచెల్లెళ్ల మాదిరి ఉన్నాయి కానీ జబ్బులు వేరు. టైఫాయిడ్ పాడు నీళ్లతో, పాడు తిండితో వస్తుంది. టైఫస్ పురుగు కుడితే వస్తుంది. మందులూ వేరే. మామూలుగా వేసే సూదులు చాలావాటికి స్క్రబ్ టైఫస్ లొంగదు. సూది వేశారు కదా అని ఇంట్లో కూర్చుంటే రోజులు పోతాయి.

సరైన మందు ఏది? డాక్సీసైక్లిన్. ఖరీదైన మందు కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మామూలుగా ఏడు రోజులు వాడమంటారు. వేళకు మందు పడితే చాలామందికి రెండు రోజుల్లోనే జ్వరం దిగిపోతుంది. దిగింది కదా అని మందు ఆపకూడదు. కడుపుతో ఉన్న వాళ్లకు ఈ మందు కాకుండా అజిత్రోమైసిన్ ఇస్తారు. కాబట్టి కడుపుతో ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. నెలలు నిండకపోయినా, ఇంట్లో ఇంకా చెప్పకపోయినా, డాక్టరుకు చెప్పాలి. ఈ జ్వరం ముదిరితే కడుపు పోయే ప్రమాదం ఉంది.

ముదిరితే ఇంకా ఏమవుతుంది? ఊపిరితిత్తులు దెబ్బ తింటాయి. మూత్రపిండాలు పని చెయ్యవు. కామెర్లు వస్తాయి. మనిషి తెలివి తప్పి ఏదేదో మాట్లాడుతుంది. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టేది అప్పుడే. అప్పుడు కట్టాల్సింది తాయెత్తు కాదు. 108కి ఫోన్ కొట్టాలి. ఇట్లా ముదిరిన వాళ్లకు కూడా దారి ఉంది. వేలూరు సీఎంసీ ఆస్పత్రి డాక్టర్లు, ఇంకొన్ని ఆస్పత్రుల వాళ్లు కలిసి దాదాపు 800 మంది రోగుల్ని చూశారు. పైన చెప్పిన రెండు మందుల్నీ కలిపి నరానికి ఎక్కిస్తే, ఒక్కటే ఇచ్చిన దాని కంటే మేలు జరిగిందని 2023లో ప్రకటించారు. కుప్పం వాళ్లకు వేలూరు పరాయి ఊరేం కాదు. అయినా అంత దూరం పోయే దాకా తెచ్చుకోవడం ఎందుకు? మొదటి మూడు రోజుల్లో పీహెచ్‌సీకి పోతే సరిపోయే పని.

ఈ జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. రోగిని వేరే గదిలో పెట్టాల్సిన పని లేదు. కంచం వేరు చెయ్యాల్సిన పని లేదు. దీనికి టీకా లేదు. జాగ్రత్తే.

గడ్డి కోసేటప్పుడు చేతులు కప్పే చొక్కా వేసుకుంటే మంచిది. చాలామంది మగవాళ్ల పాత చొక్కా చీర మీద వేసుకుంటారు. అది మంచి అలవాటే. వట్టి గడ్డి మీద పడుకోకూడదు. గోనె పట్ట వేసుకోవాలి. ఉతికిన బట్టలు కంప మీద, గడ్డి మీద ఆరెయ్యకూడదు. తీగ కట్టి ఆరెయ్యాలి. చేను నుంచి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చెయ్యాలి. కుట్టబోయే పురుగు కూడా ఆ రుద్దుడుకు పోతుంది. విప్పిన చీర మళ్లీ కట్టకుండా వేడి నీళ్లలో నానెయ్యాలి. ఇంటి చుట్టూ పొదలు కొట్టెయ్యాలి. ఎలుకలు ఉన్న చోట ఈ పురుగు ఉంటుంది. కాబట్టి గింజలు కింద పోసి పెట్టకూడదు.

నీళ్లకే కరువైన ఊళ్లో రోజూ స్నానం ఎట్లా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కనీసం ఒక చెంబు నీళ్లతో గుడ్డ తడిపి చంకలు, గజ్జలు, నడుము, కాళ్లు గట్టిగా తుడుచుకోవాలి.

ఇక ఆ సిగ్గు సంగతి. నోటితో చెప్పలేని మాట కాగితం మీద చెప్పొచ్చు. ఇప్పుడు రాయడం వచ్చింది కదా! ఆస్పత్రికి పోయే ముందు ఒక చీటీ రాసుకోవాలి. డాక్టరు చేతికో, నర్సమ్మ చేతికో ఇవ్వాలి. పక్కన ఎవరున్నా ఫర్వాలేదు. ఊళ్లో ఆశా కార్యకర్తకు ఇచ్చినా సరే. ఆమె వెంట వస్తుంది. చీటీ పెద్దది అక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు ఇప్పుడే పలకలో ఒకసారి రాసి చూడండి.

"జ్వరం వచ్చి నాలుగు రోజులైంది.
గడ్డి కోతకు పోతాను.
రొమ్ము కింద నల్ల మచ్చ ఉంది.
స్క్రబ్ టైఫస్ పరీక్ష చెయ్యండి."