ఆట చూసే ఆడపిల్లలు మాట్లాడేదెప్పుడు?

(చాదర్‌ఘాట్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస, వేతనాలు, ఆస్తిహక్కు గురించి మాట్లాడుకునే చోట వీడియో ఆటల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. డబ్బు పందెం ఆటల గురించి నేను మాట్లాడటం లేదు. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మాక్స్ వంటి ఆటలు ఆడుతూ, ఆ ఆటను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించే అమ్మాయిల గురించి, వాటిని చూసే అమ్మాయిల గురించి చెబుతాను. మనం పనిచేసే బస్తీల్లో, హాస్టళ్లలో ఇలాంటి పిల్లలు ఉన్నారు.

ఆట నడుస్తుంటే చూసేవాళ్ళు రాసే మాటలు తెర పక్కన ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతుంటాయి. దాన్నే లైవ్ చాట్ అంటారు. కొత్తగా ప్రసారం మొదలుపెట్టిన వాళ్ళకు అందరూ ఇచ్చే మొదటి సలహా, చూసేవాళ్ళ చేత మాట్లాడించమని. మాట కలిసిన మనిషి మళ్ళీ వస్తాడు, నలుగురిని తెస్తాడు. 2017లో వచ్చిన సూపర్ చాట్ ద్వారా డబ్బు కూడా పంపుతాడు. సలహా మంచిదే. అయితే అది అబ్బాయికీ అమ్మాయికీ ఒకేలా పనిచేస్తుందా?

ఈ ప్రాంతంలోనే ఉండే ఒక అమ్మాయి ప్రసారాలు నేను కొన్ని వారాలు చూశాను. ముఖం చూపించదు. గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఆ గొంతు ఆడపిల్లదని తెలియగానే ఆట సంగతి పక్కకు పోతుంది. ముఖం చూపించమంటాడొకడు. నంబరివ్వమంటాడు మరొకడు. జవాబు రాకపోతే బూతులు. ఇరవై రూపాయలు పంపినవాడు ఆమె మీద తనకేదో హక్కు వచ్చిందనుకుంటాడు. ఇంట్లోవాళ్ళు ఒకటే మాట అన్నారు: చాట్ అన్నా మూసెయ్, ఆట అన్నా మానెయ్.

ఈ మాట మనకు కొత్తదా? కోఠి బస్టాపులో అబ్బాయిలు అల్లరి పెడితే, ఆడపిల్లనే చదువు మానిపించిన ఇళ్ళు మనకు తెలుసు. బస్టాపు మనది కూడా అని అప్పుడు చెప్పాం. చాట్ విషయంలోనూ చెప్పాల్సింది అదే.

ఆ అమ్మాయి మరో సంగతి చెప్పింది. ఆమె ఆటను చూసేవాళ్ళలో ఆడపిల్లలు ఉన్నారు. ప్రసారం అయ్యాక విడిగా సందేశాలు పెడతారు. చాట్‌లో మాత్రం ఒక్క ముక్క రాయరు. ఆడపేరు కనబడితే చాలు, ఆ పేరు పట్టుకుని వెంటపడేవాళ్ళున్నారని వాళ్ళ భయం. అంటే ఆ మౌనం ఆసక్తి లేక వచ్చినది కాదు. చాట్‌లో వందల మాటలు పరుగెడుతున్నా, సగంమంది నోరు మూసుకుని కూర్చుంటే దాన్ని నలుగురి సంభాషణ అనగలమా?

మౌనంగా ఉన్న ఆడవాళ్ళ చేత మాట్లాడించడం మనకు తెలిసిన విద్యే. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమాన్ని గుర్తు చేసుకోండి. రాత్రిబడిలో పాఠం చదివి, మన ఊళ్ళో పరిస్థితి ఏమిటని మాట్లాడుకున్నాకే దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. తమ బతుకు గురించి అడిగేవాళ్ళూ, పక్కన తోటి ఆడవాళ్ళూ ఉన్నప్పుడు నోరు పెగిలింది.

ఆటలోనూ అంతే. "అందరూ చాట్ చేయండి" అంటే ఎవరూ చేయరు. ఒక్క మాటలో జవాబు చెప్పగల ప్రశ్న అడగాలి. ఎక్కడ దిగుదాం? ఈ తుపాకీ ఉంచనా, పారేయనా? అడిగిన మాట చూసేవాళ్ళకు చేరడానికి కొన్ని సెకన్లు, వాళ్ళు రాసి పంపడానికి మరికొన్ని పడతాయి. అందాకా ఓపిక పట్టాలి. ఎదురుకాల్పుల మధ్య చాట్ చదవడం ఎవరివల్లా కాదు. ఆట మొదలయ్యే ముందు లాబీలో వేచివుండే సమయం, తన పాత్ర చనిపోయాక మిగతా జట్టును చూసే సమయం మాటలకు అనువైనవి. రాసినదాన్ని పైకి చదివి జవాబివ్వాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా, తప్పులతో రాసినా నవ్వకూడదు. మారుపేరుతో రాయవచ్చని ముందే చెబితే ఆడపిల్లలకు కాస్త ధైర్యం వస్తుంది.

సభకు అధ్యక్షురాలు ఉన్నట్టే చాట్‌కూ కాపలా ఉండాలి. నమ్మకమైన స్నేహితురాళ్ళను మోడరేటర్లుగా పెట్టుకుంటే, ఆడే అమ్మాయి ఆట చూసుకుంటుంది, వాళ్ళు చెత్త మాటలు తీసేస్తారు, రాసినవాణ్ణి కనబడకుండా చేస్తారు. బూతుమాటల జాబితా ఇస్తే యూట్యూబ్ వాటిని ఆపి ఉంచుతుంది. ఆ జాబితాలో తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే రకరకాల స్పెల్లింగులతోనూ ఎక్కించాలి. మన తిట్లు మనకే తెలుసు కదా! ఒక్కొక్కరి సందేశాల మధ్య వ్యవధి పెట్టే స్లో మోడ్ కూడా ఉంది.

ఇది మన దగ్గరి గొడవ మాత్రమే కాదు. అమెరికాలో 2014లో గేమర్‌గేట్ పేరిట ఆటల రంగంలోని స్త్రీలను చంపుతామని బెదిరించారు. 2021లో ట్విచ్ అనే వేదికపై మూకుమ్మడిగా చాట్‌లో జొరబడి ద్వేషం వెళ్ళగక్కితే, బాధితులు సెప్టెంబరు 1న ఒకరోజు ప్రసారాలు మానేసి నిరసన తెలిపారు. ఒంటరిగా తలుపు మూసుకోవడానికీ, కలిసి తలుపు మూయడానికీ ఉన్న తేడా ఇదే.

చట్టం కూడా ఉంది. ఇష్టం లేదని చెప్పినా వెంటపడటం, స్త్రీ ఇంటర్నెట్ వాడకాన్ని నిఘా వేయడం 2013 నుంచి నేరం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మాటతో, సైగతో మానాన్ని అవమానిస్తే 79వ సెక్షన్. అశ్లీల సందేశాలకు ఐటీ చట్టం 67వ సెక్షన్. సందేశం తొలగించే ముందే తేదీ, సమయం, ఖాతా పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీముల దగ్గరకూ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కూ వెళ్ళవచ్చు. 16 ఏళ్ళు నిండని పిల్లలు ఒంటరిగా ప్రత్యక్ష ప్రసారం చేయకుండా యూట్యూబ్ 2025 జూలైలో నియమం పెట్టిందని తల్లులకు చెప్పాలి.

చివరగా మన పని. ఇక్కడికి దగ్గర్లోని కోఠి మహిళా కళాశాల 1924లో మొదలై, 2022లో విశ్వవిద్యాలయమైంది. అక్కడి విద్యార్థినులతో, హాస్టల్ పిల్లలతో కలిసి మోడరేటర్ల బృందాలు తయారుచేద్దాం. ప్రసారం చేసే అమ్మాయి పక్కన కూర్చుందాం. మనలో వయసు మీదపడినవాళ్ళం కూడా ఒకరోజు ఆమె చాట్‌లోకి వెళ్ళి, సొంత పేరుతో "ఎడమవైపు వెళ్ళమ్మా" అని రాద్దాం. ఒక ఆడపేరు అక్కడ నిలబడితే, రెండోది రావడానికి జంకదు.