కబురు ఆగిపోయే చోటు
(పోలీసు అమరవీరుల సంస్మరణ దినం సందర్భంగా చేసిన స్మారకోపన్యాసం పాఠం)

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కానిస్టేబుళ్లకు ఒక మాట. బాబూ, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి కూర్చోండి. ఈ గంట నేను మాట్లాడబోయేది మీ గురించే.

ఇవాళ అక్టోబరు 21. 1959లో ఇదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర, గస్తీకి వెళ్లి తిరిగిరాని సహచరులను వెతుకుతూ బయలుదేరిన పోలీసు దళం మీద చైనా సైన్యం కాల్పులు జరిపింది. పదిమంది పోలీసులు ప్రాణాలు వదిలారు. శవాలు మనవాళ్ల చేతికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది. ఏటా పరేడ్ మైదానాల్లో అమరుల పేర్లు చదువుతాం, తుపాకులు దించి తల వంచుతాం. ఒక సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ రోజు ఆ సరిహద్దు మీద నిలబడింది సైన్యం కాదు, పోలీసులు. సరిహద్దు అంతకంతకూ వేడెక్కుతోందన్న కబురు కింది నుంచి వస్తూనే ఉంది. దాని బరువు ఎంతో పైవాళ్లకు తెలిసింది పదిమంది పోయాకే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. దేశ రక్షణ కేంద్ర జాబితాలో మొదటి అంశం. పోలీసు రాష్ట్ర జాబితాలో రెండో అంశం. చదువుకునేవాళ్లు కూడా ఈ రెంటినీ రెండు అరల్లోనే పెట్టుకున్నారు. రక్షణ వ్యూహం మీద రాసేవాళ్లు విమానాలు, జలాంతర్గాములు, క్షిపణుల లెక్కలు చూస్తారు. పోలీసుల మీద రాసేవాళ్లు లాకప్ మరణాలు, దొంగతనాలు, ట్రాఫిక్ చూస్తారు. మధ్యలో ఉన్న స్టేషన్ గడప ఇద్దరికీ కనబడదు. నేను మాట్లాడేది ఆ గడప గురించి.

2008 నవంబరు 26 తీసుకుందాం. పోర్‌బందర్ నుంచి వేటకు వెళ్లిన ‘కుబేర్’ అనే మరపడవను నడిసముద్రంలో పట్టుకుని, చివరికి దాన్ని నడిపినవాణ్ణి కూడా చంపి, పదిమంది ఉగ్రవాదులు ముంబయి తీరానికి చేరారు. రబ్బరు పడవ దిగింది ఏ నిర్జన తీరంలోనో కాదు, కొలాబా పక్కన జాలర్ల బస్తీలో. అక్కడి జనం వాళ్లను చూశారు. మీరెవరు, ఎక్కడికని అడిగారు. కొత్త మొహాలు, బరువైన సంచులు, పెడసరం జవాబులు. తీరంలో బతికేవాడికి అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి? వచ్చింది కూడా. ఆ అనుమానం మీద మాత్రం సమయానికి ఎక్కడా కదలిక రాలేదు.

అదే రాత్రి గిర్‌గావ్ చౌపాటీ దగ్గర నాకాబందీలో తుకారాం ఓంబ్లే అనే అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. చేతిలో లాఠీ. ఆ పదిమందిలో ఒకడు, కారులోంచి దిగిన కసబ్, అతని తుపాకి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. గుళ్లన్నీ ఓంబ్లే ఒంట్లో దిగాయి. వెనక ఉన్నవాళ్లు కసబ్‌ను ప్రాణాలతో పట్టుకున్నారు. ఆ దాడి ఎక్కడ పుట్టింది, ఎవరు నడిపారు అన్నదాన్ని ప్రపంచం ముందు పెట్టగలిగామంటే, ముఖ్యంగా ఆ ఒక్క సజీవ సాక్ష్యం వల్లే. మానేసర్ నుంచి ఎన్‌ఎస్‌జీ కమాండోలు నగరంలో దిగేసరికి తెల్లవారింది. కసబ్ పట్టుబడింది అర్ధరాత్రి దాటిన కాసేపటికే. ఓంబ్లేకు అశోకచక్ర ఇచ్చారు, ఇవ్వాల్సిందే. ఆ తర్వాత మనం నేర్చుకున్న పాఠం మాత్రం వేరు. జాతీయ దర్యాప్తు సంస్థ, ఎన్‌ఐఏ పుట్టింది. హైదరాబాదు సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వెలిశాయి. తీరం పొడవునా మెరైన్ స్టేషన్లు పెంచారు. ఇవన్నీ కావలసినవే, కాదనను. కానీ ఇవన్నీ కబురు అందాక పనిచేసేవి. కబురు అందడం అనే ఆ మొదటి పని ఎవరిది?

అది స్టేషన్‌ది. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

మన దగ్గర జనం స్టేషన్ గడప ఎందుకు తొక్కరు? సినిమాల వల్ల అనుకునేవాళ్లున్నారు. కారణం సినిమాల కంటే పాతది. 1816లో థామస్ మన్రో సిఫారసుల మీద మద్రాసు ప్రభుత్వం పోలీసు పనిని దరోగాల చేతుల్లోంచి తీసి కలెక్టరు, తహశీల్దారు, గ్రామ మునసబుల చేతిలో పెట్టింది. శిస్తు వసూలు చేసేవాడే దొంగల్నీ పట్టాలి. ఊరి గురించి తలారికి తెలియనిది లేదు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఏ గొడ్డు ఎవరి కొట్టంలో చేరింది, అన్నీ మునసబు చెవిన వేసేవాడు. కబురు చేరేది, నిజమే. అది చేరాక ఏమయ్యేదో 1855 నాటి మద్రాసు టార్చర్ కమిషన్ రాసిపెట్టింది. రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కే కిట్టి, మెడ వంచి కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం. శిస్తు బకాయికీ అదే, దొంగతనం ఒప్పించడానికీ అదే. ‘ఆ రోజుల్లో ఊళ్లో తలారి ఉంటే చాలు, స్టేషనెందుకు’ అని నిట్టూర్చే పెద్దలు ఒకసారి ఆ నివేదిక తిరగేస్తే మంచిది.

ఆ నివేదిక దెబ్బకే 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. రెవెన్యూ నుంచి పోలీసును విడదీశారు. అయితే తెచ్చుకున్న నమూనా ఎక్కడిది? ఐర్లండులో ఇంగ్లీషువాళ్లు జనాన్ని అణచడానికి పెట్టుకున్న సాయుధ పోలీసుది. 1857 మంటలు ఆరకముందే తయారైన పోలీసు మరి. ఆంధ్ర ప్రాంతం జిల్లాల్లో ఆ చట్టమే పేరు మార్చుకుని బతికింది. హైదరాబాదు నగరానిది నిజాం కాలపు 1348 ఫసలీ చట్టం. నేర విచారణ పద్ధతి చట్టం సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. స్టేషన్‌ను నడిపే పోలీసు చట్టాల్ని మాత్రం ఎవరూ కదపలేదు. ఇంకో విడ్డూరం. పోలీసు ముందు ముద్దాయి చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న నిబంధన పాత సాక్ష్య చట్టంలో ఉంది, కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. తన పోలీసును తానే నమ్మలేనని రాజ్యం పుస్తకంలో రాసుకుంది. ఆ అపనమ్మకానికి తగిన కారణాలున్నాయి కాబట్టి ఆ నిబంధన ఉండాల్సిందే. కానీ రాజ్యమే నమ్మనివాణ్ణి చింతపల్లి గిరిజనుడు ఎందుకు నమ్మాలి?

చింతపల్లి ఊరికే అనలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట వెళ్లింది ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తీసుకున్న తుపాకుల లెక్క రాసి సంతకం పెట్టి వెళ్లాడని చెబుతారు. దెబ్బ ముందుగా స్టేషన్ మీద ఎందుకు పడింది? తుపాకులు అక్కడున్నాయి కాబట్టి అని సులువుగా అనేయవచ్చు. కానీ గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నం – చింతపల్లి రోడ్డు పనికి గిరిజనులతో వెట్టి చేయించినప్పుడు వాళ్ల మొర వినాల్సిన చోటు ఒకటుందని ఎవరూ అనుకోలేదు. వినే చోటు లేదు, శిక్షించే చోటు ఉంది. ఆ కొండల్లో తర్వాత రెండేళ్లు సర్కారుకు కబురు పుట్టలేదు. మలబారు స్పెషల్ పోలీసును దింపాల్సి వచ్చింది. ప్రత్యేక దళాల చరిత్ర మనకు అక్కడే మొదలైంది.

ఒక సొంత అనుభవం. ముప్పై ఏళ్ల కిందట నేనొక జిల్లా ఎడిషన్‌కు వార్తలు రాసేవాణ్ణి. రోజూ సాయంత్రం స్టేషన్‌కు వెళ్లి జనరల్ డైరీలో ఏముందో అడగడం నా పని. ఏ స్టేషనో చెప్పను. ఒక రోజు షెడ్డు మెకానిక్ ఒకడు వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. హైవే పక్కన ఒక లారీకి రాత్రిపూట నంబరు ప్లేటు మారుస్తుండగా చూశాడట.

‘నీదేం పోయింది?’ అన్నాడు స్టేషన్ రైటర్.

‘నాదేం పోలేదు సార్, చెబుదామని...’

‘నీదేం పోనప్పుడు నువ్వెందుకొచ్చావ్? పేరేంటి? ఏ ఊరు? ఎవరి తాలూకు?’

గంటన్నర బల్ల మీద కూర్చోబెట్టి, ఎస్సైగారు రేపుంటారు రమ్మన్నారు. వాడు రేపు రాలేదు. కొన్ని రోజుల తర్వాత వాడి షెడ్డు మీదుగా వెళ్తుంటే పిలిచి టీ ఇప్పించాడు. ‘ఇంకోసారి కళ్లముందు జరిగినా చూడను సార్’ అన్నాడు. ఆ లారీలో ఏముందో, ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. నన్ను ఇప్పటికీ తొలిచేది అదే.

రైటర్ దుర్మార్గుడు కాడు. ఆ రోజు స్టేషన్ సిబ్బందిలో సగం మంది మంత్రిగారి బందోబస్తుకు పోయారు. ఒకరు కోర్టులో, ఇద్దరు ఒక ఇంక్వెస్టులో. ఉన్నది సెంట్రీ, ఇతను. పొద్దున్నుంచి అన్నం తినలేదని నాతోనే అన్నాడు. మన పోలీసు బలగంలో నూటికి ఎనభై మందికి పైగా కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లే. ఐపీఎస్‌లను తయారుచేసే జాతీయ అకాడమీ హైదరాబాదు శివరాంపల్లిలో ఉంది, దేశమంతా దాన్ని చూసి గర్విస్తుంది. గడప దగ్గర కూర్చునే మనిషికి మాత్రం ‘వచ్చినవాడు చెప్పేది విను, రాయి’ అన్న పని ఎంత పెద్దదో చెప్పేవారు తక్కువ.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి, సైకిళ్లకు కట్టినవి. ఎన్‌ఐఏ దర్యాప్తులో తేలినదాని ప్రకారం ఆ సైకిళ్లు కొన్నది జుమేరాత్ బజారులో, మకాం పెట్టింది అబ్దుల్లాపూర్‌మెట్‌లో అద్దె ఇంట్లో. 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. దర్యాప్తు ఏజెన్సీకి నూటికి నూరు మార్కులు. కానీ ఆ వివరాలు చూడండి: పాత సైకిళ్ల బజారు, ఊరి చివర అద్దె ఇల్లు. వీటిలో ఒక్కటీ ఉపగ్రహానికి కనబడేది కాదు. వీధి తెలిసిన బీటు కానిస్టేబుల్‌కు కనబడేవి. అతనికి ఆ బీటు మీద ఎన్నాళ్లు పని ఇచ్చాం, మధ్యలో ఎన్నిసార్లు బందోబస్తుకు లాగాం అన్నదే అసలు లెక్క. అమీర్‌పేట కూడలిలో కెమెరా ఉంటే మంచిదే. కెమెరాకు ఇంటి యజమానితో పరిచయం ఉండదు.

ఇక నక్సలైట్ల మీద పోరుకు పెట్టిన గ్రేహౌండ్స్ మాట. 1989లో కె.ఎస్. వ్యాస్ చేతుల మీదుగా పుట్టిన ఈ దళాన్ని దేశం నమూనాగా తీసుకుంది. వ్యాస్‌ను 1993లో హైదరాబాదు ఎల్‌బీ స్టేడియంలో నక్సలైట్లు చంపారు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో లాంచీ మీద కాల్పులు జరిగినప్పుడు ఒక్క రోజే 38 మంది పోయారు. ఆ త్యాగాన్ని తక్కువ చేసే నోరు నాకు లేదు. అడవిలో గెలుపు గ్రేహౌండ్స్‌ది మాత్రమే అంటే ఒప్పుకోను. అడవిలోకి వెళ్లే ముందు ఎటు వెళ్లాలో చెప్పింది కబురు. ఆ కబురులో కొంత డబ్బుతో కొన్నది, కొంత భయంతో రాబట్టింది, కొంత జనం తమంతట తాము విసిగి ఇచ్చింది. మొదటి రెండూ వేగంగా వస్తాయి, తప్పుడివీ వస్తాయి. ఎన్‌కౌంటర్ల మీద ఈ నేల మీద నడిచిన కేసులు, పౌరహక్కుల వాదనలు ఆ తప్పుల ఖరీదే. మూడోది నిదానంగా వస్తుంది, కానీ దాని మీద దళం ప్రాణాలు పణంగా పెట్టవచ్చు. కమాండోలను తయారుచేయడం రాష్ట్రాలు మన దగ్గర నేర్చుకున్నాయి. మూడో రకం కబురు ఎలా వస్తుందో మనమే ఎవరికీ నేర్పలేదు.

ఈ లోటుకు మందు లేకపోలేదు. ధర్మవీర అధ్యక్షతన 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ ఎనిమిది నివేదికలిచ్చింది. మన తెలుగువాడే, కేంద్ర హోం కార్యదర్శిగా చేసిన కె. పద్మనాభయ్య 2000లో ఇంకొకటి ఇచ్చారు. 1996లో మాజీ పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. డీజీపీ ఎంపిక, ఫిర్యాదుల ప్రాధికార సంస్థ, రాష్ట్ర భద్రతా కమిషన్ వంటి వాటి మీద బోలెడు చర్చ జరిగింది, ఇక్కడ మళ్లీ ఎందుకు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినవి రెండు. స్టేషన్ హౌస్ ఆఫీసరుకు కనీసం రెండేళ్ల పదవీకాలం. దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి విడదీయడం. వీటిని జనం పోలీసుల సౌకర్యం అనుకుంటారు. నేను వీటిని రక్షణ వ్యవహారాలు అంటాను. ఊరివాడు కబురు ఇచ్చేది కుర్చీకి కాదు, కుర్చీలో ఉన్న ఆ ఎస్సైకి. సిఫారసు లేఖ మీద వచ్చి, ఇంకో సిఫారసు లేఖతో ఆరు నెలలకే వీఆర్ (వేకెన్సీ రిజర్వు)లోకి పోయే ఎస్సైకి ఎవరు చెబుతారు? తెల్లారితే బందోబస్తుకు పోవాల్సిన మనిషి లారీ నంబరు ప్లేటు సంగతి ఎప్పుడు తేలుస్తాడు?

కొందరు అధికారులు అడుగుతారు: ‘వచ్చిన ప్రతివాడి మాటా రాసుకుంటూ కూర్చుంటే స్టేషన్ నడుస్తుందా? సగం పక్కింటి కక్షలే కదా’ అని. నిజమే, సగం కక్షలే కావచ్చు. రాస్తేనే ఏది కక్షో ఏది కబురో తేలుతుంది. రాయని డైరీలో రెండూ ఒకటే.

ఇక్కడ కూర్చున్న రిటైర్డు అధికారులకు ఒక మనవి. మీ సర్వీసులో నమ్మకంతో మీ దగ్గరికి వచ్చినవాళ్ల కథలు పేర్లు లేకుండా రాసి పెట్టండి. శిక్షణ కేంద్రాల పాఠ్యపుస్తకాల్లో అవి లేవు.

మిగతా మీ అందరికీ ఇంకో మాట. కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం, వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీరు వెళ్లిన స్టేషన్ దాన్ని నమోదు చేయాలి. మీరిచ్చిన సమాచారం నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.