రాచపుండునకు బంగారు రేణువులు



మా యిల్లు హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్‌లో నున్నది. సూర్యాపేట వైపునుండి వచ్చు పల్లెవారు ఎల్.బి. నగర్‌లో బస్సు దిగుదురు. వైద్యమునకు వచ్చిన బంధువులు మా యింట నొకపూట నిలుచుట వాడుక. అట్లే గడచిన వేసవిలో నా మేనబావ వచ్చెను. పొగాకు నమలు నలవాటు కలవాడు. బుగ్గలోపల పుండు పుట్టి నాలుగు మాసములైనది. చేత నొక కరపత్రము. “సువర్ణ నానో చికిత్స; కోత లేదు, నొప్పి లేదు” అని దానిపై నచ్చుపడి యున్నది.

“బావా, నీవు చదివినవాడవు. ఇది నిజమేనా? ఎకరము పొలము బేరము పెట్టి వచ్చితిని” అనెను.

అందలి మాట యంతయు నబద్ధమైనచో నాకు చిక్కే లేకపోవును. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన నం దొక భాగము నానోమీటరు. సుమారు నూరు నానోమీటర్ల క్రొవ్వుబుడగ చేసి, లోపల మందు నింపి, పైన బంగారుపూత పూయుట శాస్త్రజ్ఞులకు సాధ్యమే. రాచపుండు గడ్డలోని రక్తనాళములు తొందరలో నల్లిన బుట్టవలె సందులు గలవి. ఆ సందులగుండ కొన్ని రేణువులు లోనికి జారి నిలుచును. పెక్కింటిని కాలేయమే పట్టుకొనును. కంటికి గానరాని పరారుణ కిరణములను వెలుపలినుండి ప్రసరింపజేయగా బంగారము కాగును. ఆ కాకకు గడ్డలోని కణములు చచ్చును; బుడగ విడి మందు నచ్చటనే వెలువడును. తూము తెంచి ఊరు ముంపక, ఒక్క మడికే నీరు కట్టినట్లు.

“ఆ బంగారము ఒంటిలో మిగిలిపోదా?” అని బావ యడిగెను. మంచి ప్రశ్న. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో ఆచార్యులుగా పనిచేసిన అరవింద్ కుమార్ రెంగన్ గారును, బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులును 2015లో ‘నానో లెటర్స్’ పత్రికయందు దీనికి జవాబు ప్రకటించిరి. మందు లేకుండ, పూతబుడగలతోడను 750 నానోమీటర్ల కిరణముతోడను చుంచెలుకలలోని గడ్డ పూర్తిగా కరగెను. బంగారము కాలేయమున చితికి, పైత్యరసముతోను మూత్రముతోను వెడలిపోయెను.

“ఎలుకకు కుదిరినది నాకేల కుదరదు?”

ఎలుకగడ్డ చర్మముక్రిందనే యుండును. మనుష్యుని మాంసములో నా కిరణము లోతునకు పోజాలదు. కాకకు విడివడు మందుబుడగలనే కాలేయపు రాచపుండుగల రోగులపై అనేక దేశములలో పరీక్షించిరి. ఆశించిన మేలు కనబడలేదని 2013లో తేలినది. కాకతో పనిలేని మందుబుడగ యొకటి మాత్రము 1995లో అమెరికాలో అనుమతి పొందినది. మన దేశమునను వాడుకలో నున్నది. బంగారపు కాక యింకను పరీక్షలయందే యున్నది. నిజముగా పరీక్ష చేయువారు రోగిచే సమ్మతిపత్రముపై సంతకము చేయింతురు గాని పొల మమ్మింపరు. సువర్ణభస్మమును ఇదియు నొకటే యనువారును గలరు. బాల్యమున గురువులకడ భస్మముల మాట నేనును వింటిని. మ్రింగిన భస్మము గడ్డను వెదకుకొనిపోవునని యెవరును రుజువు చేయలేదు.

మరునా డుదయమున మెట్రోబండిలో నాంపల్లికి పోయి, రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో చూపించితిమి. ముక్క తీసి పరీక్షించిరి. ఎన్నినాళ్లైనదని వైద్యురాలడుగగా బావ నాలుగు వ్రేళ్లు చూపెను. అందు రెండు పొలము బేరమునకే పోయినవని నాతో తరువాత చెప్పెను.

శస్త్రచికిత్స జరిగినది. పొల మమ్మలేదు. మాట యింకను ముద్దగానే వచ్చుచున్నది.