వలసదారుల కష్టములు – కట్టుకథలు

(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



అమెరికాకు తొలుత వలసపోయిన ఆంగ్లేయుల చరిత్రములను మన పఠనమందిరములలో పలువురు ఇష్టముతో చదువుచున్నారు. చదువవలసినవే. అయితే వానిలో కన్నీరెంత, కల్పన యెంత యని విడదీసి చదువవలెనని మా మనవి.

కష్టములు కల్లలు కావు. 1607లో వర్జీనియాయందు జేమ్సుటౌను కోట కట్టినవారు నూటికి కొంచెము మించిన మగవారును బాలురును మాత్రమే. దిగినచోట బురదనేల, ఉప్పునీరు. 1606 మొదలు 1612 వఱకు ఆ సీమను పీడించిన యనావృష్టి వంటిది ఏడువందల యేండ్లలో లేదని, చెట్ల మ్రానులలోని వలయములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1998లో తేల్చిరి. 1609-10 శీతకాలమున స్థానికులైన పౌహటానులు కోటను ముట్టడింపగా, లోపల చిక్కిన సుమారు 300 మందిలో 60 మంది మిగిలిరి. గుఱ్ఱములు, కుక్కలు, ఎలుకలు, తుదకు తోలుజోళ్లు ఆహారమయ్యెను. మనుష్యమాంసమును తినిరని నాటివారే వ్రాసినను, అది వట్టి నిందయని కొందఱు పండితులు కొట్టివేయుచుండిరి. 2012లో అచటి త్రవ్వకములలో సుమారు 14 ఏండ్ల బాలిక పుఱ్ఱె దొరకెను. దానిపై కత్తిగాట్లున్నవి. ఇంతకన్న చెప్పుటకు మాకు నోరాడదు.

వీరిని పంపినదెవరు? లాభాపేక్షగల వాటాదారులు. 1609 మొదలు ఆ వర్జీనియా కంపెనీకి కోశాధికారి సర్ థామస్ స్మైత్. ఈయనయే ఈస్టిండియా కంపెనీకి తొలి గవర్నరు. ఆకలిచావుల మఱుసటియేడు, 1611లో, ఆ రెండవ కంపెనీవారి గ్లోబు అను నోడ మన మచిలీబందరున లంగరు దింపెను. కనుక ఇది మనకు వట్టి పరాయికథ కాదు.

ఇక కట్టుకథలు. పౌహటాను ప్రభువు కుమార్తె పోకహాంటసు తన ప్రాణము కాపాడెనని కెప్టెను జాన్ స్మిత్తు వ్రాసిన కథ లోకప్రసిద్ధము. 1608లో అచ్చైన అతని వృత్తాంతమున ఆ ముచ్చటయే లేదు. 1624 నాటి గ్రంథమున కలదు. అప్పటికి ఆమె గతించి యేడేండ్లు. మొదటి వాఙ్మూలమున లేనిది సాక్షి మరణించిన పిమ్మట పుట్టుకొచ్చినచో మా కచ్చేరీలలో ప్లీడర్లు ఏమందురో మీరెఱుగుదురు! ప్లిమత్తులో వలసదారులు తొలియడుగు మోపిరను శిల సంగతియు నింతే. 1620లో దిగినవారి వ్రాతలలో ఆ శిల పేరే లేదు. 1741లో 94 ఏండ్ల వృద్ధుడొకడు పెద్దలు చెప్పగా వింటినని దానిని చూపెను.

ఈ చిల్లర కల్పనలను క్షమింపవచ్చును. ఇంత కష్టపడితిమి గనుక ఈ నేల మాదే యను వాదమును మాత్రము మేము క్షమింపజాలము. ప్లిమత్తునకు వచ్చిన 102 మందిలో సుమారు సగము తొలి శీతకాలముననే మరణించిరి; నిజము. మిగిలినవారు విత్తిన పొలములెవరివి? పటక్సెటు గ్రామమువారు అడవి నఱకి బాగుచేసినవి. 1616-19 నడుమ వచ్చిన మహామారికి ఆ గ్రామము తుడిచిపెట్టుకొనిపోయెను. 1614లో ఆంగ్లేయ కెప్టెనొకడు స్పెయినులో అమ్ముటకు ఎత్తుకొనిపోయినందుననే టిస్క్వాంటం అనువాడు బ్రతికెను. తనవారెవ్వరును లేని ఊరికి తిరిగివచ్చిన ఆ మనుష్యుడే, చేపలను ఎరువుగావేసి మొక్కజొన్న నాటుట పరాయివారికి నేర్పెను.

1621 పంటవిందునకు వాంపనోగుల నాయకుడు మససోయిటు 90 మందితో వచ్చెను. వారు ఐదు జింకలను తెచ్చి యిచ్చిరి. 1676లో అతని కుమారుడు మెటాకోము తల అదే ప్లిమత్తున కొయ్యపై నిలుపబడెను. 1863లో లింకను ప్రకటించిన జాతీయ కృతజ్ఞతాదినము నేడు ఆ విందు పేరిటనే జరుగుచున్నది. 1970లో, వలసకు 350 ఏండ్లు నిండిన యుత్సవమున ప్రసంగింపుమని వాంపనోగు నాయకుడు వాంసుట్టా ఫ్రాంక్ జేమ్సును పిలిచి, ప్రసంగపు ప్రతిని ముందుగా చదివి, అది వలదనిరి. నాటినుండి ఏటేట ఆ పండుగనాడే ప్లిమత్తులో ఆదివాసులు శోకదినము పాటించుచున్నారు.