చాడి, కొండెము, వదంతి



నలుగురు కూడినచోట మాటలు పుట్టుట సహజము. రచ్చబండయొద్దను, నూతిగట్టునను, సంతలోను మన మాడుకొను మాటలలో సగము అక్కడ లేనివారిని గూర్చినవే. ఇట్టి మాటల కన్నింటికి ఒక్క పేరు పెట్టి మన పూర్వులు ఊరకుండలేదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరిడిరి. ఆ పేర్లలోని భేద మెఱిగినవానికి ఏ మాటను ఎట్లు వినవలయునో తెలియును.

మొదటిది ముచ్చట. ఇది నిర్దోషమైనది. పంటలు, పెండ్లిండ్లు, చుట్టముల రాకపోకలు దీనికి విషయములు. తెలంగాణమున ముచ్చట పెట్టుట యనగా తీరికగా మాటలాడుకొనుటయే. పిచ్చాపాటి, లోకాభిరామాయణము అనునవియు నీ జాతివే. వీనివలన కొంత కాలము వ్యర్థమగునేమో కాని, యొకరి పరువు పోదు.

రెండవది చాడి. నలుబదియేండ్లు బడిలో పాఠములు చెప్పిన నాకు దీనితో పరిచయ మెక్కువ. "అయ్యవారూ, వాడు పక్కవాని పలక చూచి వ్రాయుచున్నాడండీ" యని పిల్లవాడు పరుగెత్తి వచ్చును. వాడు చెప్పినది నిజమే కావచ్చును. కాని వాని చూపు తప్పు దిద్దుటపై లేదు, అయ్యవారి మెప్పుపై నున్నది. చాడి సాధారణముగా క్రిందనుండి పైకి బోవును: శిష్యుడు గురువునకు, సేవకుడు యజమానునకు. వినువాడు మెచ్చుకొననిచో నది మఱునాటికి రాదు.

కొండె మింతకంటె బరువైనది. నిఘంటువులలో చాడియు కొండెమును ఒకదాని కొకటి అర్థముగా కనబడినను, వాడుకలో కొండె మనగా ఇద్దఱి నడుమ విరోధము పెట్టుటకై చాటుగా చెప్పు మాట. ఇట్టివానిని సంస్కృతమున కర్ణేజపు డందురు. చెవిలో జపించువా డని యర్థము. అమరకోశమున నీ పదము పిశునశబ్దము సరసనే యున్నది. ఒక్కమాటనే మెల్లగా పలుమాఱు పలుకుట జపము. కొండెగాడు చేయునదియు నదియే. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని మిత్రభేదము మీరు చదివియుందురు. దమనకుడను నక్క సింహముతో నొక విధముగను, ఎద్దుతో మఱొక విధముగను చెప్పి, ప్రాణస్నేహితులను పోరునకు దింపెను. సింహమును, ఎద్దును ఒక్కమాఱు ఎదురెదురుగా కూర్చుండి, ఏమి విన్నారో చెప్పుకొనియున్నచో ఆ నక్క పాచిక పాఱకుండెడిది. కొండెము విన్న పెద్దమనుష్యుడు చేయదగిన పనియు నిదియే: ఇరువురిని ఒక్కచోటికి పిలిపించుట.

ఇక నింద. దీనికి మన భాష వాడు క్రియను గమనింపుడు. చాడి చెప్పుదురు, నిందను మోపుదురు. అది మూట వలె నొకని నెత్తిపై బడును. పడినవాడు దానిని మోయవలయును. ఏటేట వినాయకచవితినాడు అక్షతలు చేతబట్టి మనము వినెడి కథ నీలాపనింద కథయే. ప్రసేనుడు మణితో వేటకు బోయి తిరిగి రానందున, శ్రీకృష్ణుడే చంపెనని సత్రాజిత్తు నింద మోపెను. శ్రీకృష్ణుడు సత్రాజిత్తుతో వాదులాటకు దిగలేదు. అడవికి బోయి, అడుగుజాడలు పట్టి, సింహము జాడనుండి భల్లూకము జాడకు, అచ్చటినుండి జాంబవంతుని గుహకు జేరి మణిని దెచ్చెను. జాడ వెదకక నింద దీరదని యా కథ చెప్పుచున్నది. మోసినవాడే జాడయు వెదకవలసి వచ్చుట యెంత యన్యాయమో చూడుడు.

చివరిది వదంతి. కింవదంతి, జనశ్రుతి యనియు దీనికి పేర్లు. హిందూస్థానీలో పిలుపు, కేక యను నర్థము గల పుకారు అను మాట తెలుగున దీనికే స్థిరపడినది. చాడికి చెప్పువాడు కలడు, కొండెమునకు కలడు. వదంతికి మాత్రము కర్త లేడు. పుకారు పుట్టినది, వ్యాపించినది అందుము. ఎవరు పుట్టించిరో చెప్పము.

ఇచ్చట మన భాషలోని యొక చిన్న మాటను మీకు జ్ఞాపకము చేయవలసియున్నది. అది "అట". "వాడు ఊరు విడిచెను" అనుట వేఱు, "విడిచెనట" అనుట వేఱు. "నేను చూడలేదు, వింటిని" అను నొప్పుదల ఆ రెండక్షరములలో నున్నది. కాని మాట నోటినుండి నోటికి బోవుచు మూడవ నోట "అట"ను జారవిడుచును. విన్నది చూచినదిగా మాఱుట అప్పుడే. ఇవన్నియు ఆడువారి పనులని మగవా రందురు. రచ్చబండపై కూర్చుండువా రెవరో మన కెఱుకయే.

2018వ సంవత్సరము మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు తెలంగాణ, ఆంధ్రప్రదేశములలో వాట్సాప్ ద్వారా వ్యాపించెను. క్రొత్తమనిషి కనబడినచో జనులు చుట్టుముట్టి కొట్టిరి. ఏ పాపము నెఱుగనివారు ప్రాణములు గోల్పోయిరి. కొట్టినవారిలో పిల్లల నెత్తుకొనిపోవుట కన్నులార చూచినవా డెవడు? ఆ వార్త వెంట "అట" లేకపోయెను. ఆ యేడు జూలైలోనే వాట్సాప్ సంస్థ, ఒకరినుండి వచ్చి మఱొకరికి పంపబడు వార్తలకు "ఫార్వర్డు" అను గుర్తును చేర్చెను. ఆలోచించినచో నది మన "అట"యే. అంతకుముందే మన నాలుకపై నున్నదానిని మనము వాడుకొనలేదు.

పెద్దలారా, ఊరిలో మీ మాట కొక విలువ కలదు. ఇతరుల నోట తేలికయైన వార్త మీ నోట సాక్ష్య మగును. కావున చూచినదానిని చూచితి ననుడు. విన్నదానిని "అట" యని చెప్పి, ఎవరివలన వింటిరో వారి పేరును చెప్పుడు. ఆ పేరు చెప్పుటకు సంకోచము కలిగినచో, ఆ మాట మీయొద్దనే నిలిచిపోనిండు.